నిండుగా కనిపించే డొల్ల: ఫైలు చేతులు మారితే సాలిడ్ ఎందుకు పోతుంది?

తెర మీద పంపు కేసింగ్ నున్నగా, నిండుగా ఉంది. మౌస్‌తో ఎటు తిప్పినా ప్రతి వంపూ సరిగ్గానే కనిపిస్తోంది. దీని బరువెంత అని అడిగితే మాత్రం సాఫ్ట్‌వేర్ సున్నా అంటుంది, లేదంటే అసలు జవాబే చెప్పదు. నిలువునా కోసి చూపించమంటే గోడ మందం కనిపించాల్సిన చోట జుట్టంత సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. పక్కనున్న జాబితాలో ‘సాలిడ్’ ఒక్కటి ఉండాలి. దాని బదులు విడివిడి ‘సర్ఫేస్‌’లు వందకు పైగా వరుసగా ఉంటాయి. పంపినవాళ్ల కంప్యూటర్‌లో ఇది ఘనమైన వస్తువు. ఇక్కడ తెరిచేసరికి డొల్ల.

కంప్యూటర్‌లో డిజైన్ చేసి మిషను మీద తయారుచేసే ప్రతిచోటా ఈ చిక్కు ఎదురవుతుంది. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌నే తీసుకుందాం. రైల్వే స్టేషన్‌కు ఆనుకుని గుఢియారీ ఉంటుంది. టోకు బజారుకు పేరున్న పేట. అక్కణ్ణించి ఉత్తరంగా వెళితే భన్‌పురి, ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలు వస్తాయి. స్పాంజ్ ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు అక్కడే. పడమటి వైపు భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. రైల్వే, ఉక్కు పనుల కోసం ఆ దారిన వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నాయి. ఇలాంటి మిల్లులు ఆగకుండా తిరగాలంటే విడిభాగాలు కావాలి. ఒకప్పుడు వాటికోసం కాగితం మీద గీసిన డ్రాయింగ్ వచ్చేది, లేదా అరిగిపోయిన పాత భాగాన్నే తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఇప్పుడు ఈమెయిల్‌లో త్రీడీ ఫైలు వస్తుంది.

మిల్లు ఆగింది, భాగం రేపటికల్లా కావాలి అనుకుందాం. వచ్చిన ఫైలు డొల్లగా తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్‌లో ‘రిపేర్’ అనే మీట ఉంటుంది. నొక్కితే చాలాసార్లు రెండు నిమిషాల్లో సాలిడ్ తయారవుతుంది. అలా తయారైనది పంపినవాళ్లు గీసిన భాగమేనా అన్నది వేరే ప్రశ్న. దానికి ఆ మీట జవాబు చెప్పదు.

చర్మమే తప్ప కండ ఉండదు

క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో సాలిడ్ అంటే లోపలంతా లోహం నింపిన దిమ్మె అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫైలులో లోపలి పదార్థం గురించి ఒక్క అక్షరం ఉండదు. ఉండేదల్లా చర్మమే: ముఖాలు, అవి కలిసే అంచులు, అంచులు కలిసే మూలలు, వాటితోపాటు ఏ ముఖం ఏ అంచు దగ్గర ఎవరి పక్కన ఉందో చెప్పే చుట్టరికాల పట్టిక. దీన్ని సరిహద్దుల ద్వారా వర్ణించడం అంటారు, పొట్టిగా బి-రెప్. 1970ల మొదట్లో కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ బ్రెయిడ్, స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ బామ్‌గార్ట్ దాదాపు ఒకే సమయంలో ఈ పద్ధతికి పునాదులు వేశారు. ముఖాల ఆకారం జ్యామితి. ఎవరి పక్కన ఎవరు అన్నది టోపాలజీ. సాలిడ్‌ను సాలిడ్‌గా నిలబెట్టేది ఈ రెండోదే.

ఒక ఘనాన్ని తీసుకుంటే 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. ప్రతి అంచునూ సరిగ్గా రెండు ముఖాలు పంచుకుంటాయి. చుట్టూ మూసుకుని ఉన్నదని కంప్యూటర్ నమ్మడానికి ఆధారం ఇదే. మూలల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 8 − 12 + 6 = 2. ఆయిలర్ 18వ శతాబ్దంలో చెప్పిన లెక్క ఇది. ఇప్పుడు అదే ఘనాన్ని ఆరు విడి పలకలుగా ఊడదీసి, ఒక్కదాన్నీ కదపకుండా ఉన్నచోటనే ఉంచండి. కంటికి తేడా ఏమీ తెలియదు. లెక్కలో మాత్రం ఇప్పుడు 24 అంచులు, 24 మూలలు ఉన్నాయి, ప్రతి అంచుకూ సొంతదారు ఒక్క ముఖమే. 24 − 24 + 6 = 6. అంటే అక్కడున్నది ఒక ఘనం కాదు, ఒకదానికొకటి పరిచయం లేని ఆరు కాగితాలు. డొల్లగా తెరుచుకున్న ఫైలులో జరిగింది సరిగ్గా ఇదే.

బరువు ఎందుకు రాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఘనపరిమాణం లెక్కించడానికి సాఫ్ట్‌వేర్ ఏదో ఒక బిందువును ఎంచుకుంటుంది. అక్కణ్ణించి ప్రతి ముఖం దాకా ఒక పిరమిడ్‌ను ఊహించి అన్నింటినీ కూడుతుంది. బిందువు వైపు తిరిగి ఉన్న ముఖాలవి మైనస్ అవుతాయి. 10 సెంటీమీటర్ల ఘనంలో కింది మూలను ఎంచుకుంటే, ఆ మూల నుంచి మూడు ఎదుటి ముఖాలకు మూడు పిరమిడ్లు. ఒక్కోటి 100 × 10 ÷ 3, అంటే 333.3. మొత్తం 1000 ఘన సెంటీమీటర్లు. చుట్టూ మూసి ఉన్నంతవరకు ఏ బిందువును ఎంచుకున్నా ఇదే జవాబు వస్తుంది. పైమూత తీసేసి చూస్తే లెక్క తప్పుతుంది. కింది మూల నుంచి 666.7 వస్తుంది. ఘనం నడిబొడ్డు నుంచి లెక్కిస్తే 833.3. మూత ఉండాల్సిన తలంలోని పైమూల నుంచి లెక్కిస్తే 1000. ఎక్కడ నిలబడి కొలిచారన్న దాన్ని బట్టి మారిపోయే సంఖ్యను బరువు అనలేం. కాబట్టి మంచి సాఫ్ట్‌వేర్ చిల్లు ఉన్నదాని బరువు చెప్పడానికి ఒప్పుకోదు.

మిల్లింగ్ మిషనుకు దారి వేసే సీఎన్‌సీ ప్రోగ్రామ్‌కూ ఇదే ఇబ్బంది. పనిముట్టు ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎక్కడ లోహం మొదలవుతుంది అని తెలియాలంటే లోపల ఏది, బయట ఏది అన్న తేడా కావాలి. విడి పలకలకు లోపలా బయటా ఉండవు.

రెండు గొట్టాలు కలిసే చోట

విడిపోవడం సరే, ఆ ముఖాలను మళ్లీ కలిపేస్తే పోలేదా? ముఖాల అంచులు అక్షరాలా ఒకదానిమీద ఒకటి పడితే అది చిటికెలో పని. అలా పడవు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల నిర్లక్ష్యం వల్ల వచ్చిన లోపం కాదిది, గణితం పెట్టిన ఇబ్బంది.

ఏ ఫ్యాబ్రికేషన్ షాపుకు వెళ్లినా టీ-జాయింట్ కనిపిస్తుంది. పెద్ద గొట్టానికి అడ్డంగా చిన్న గొట్టం వెల్డు చేస్తారు. రెండూ సిలిండర్లే, ఒక్కో దానికి ఒక చిన్న సమీకరణం చాలు. అవి కలిసే చోట గుర్రపు జీనులా వంపు తిరిగే గీత మాత్రం వేరే రకం. రెండు గొట్టాల వ్యాసం సమానమై, లంబంగా కలిస్తే ఆ గీత రెండు దీర్ఘవృత్తాలుగా విడిపోతుంది, సులువుగా రాసేయొచ్చు. వ్యాసాలు వేరైతే అది నాలుగో తరగతి వక్రం. క్యాడ్ సాఫ్ట్‌వేర్లన్నీ వంపు గీతలను రాయడానికి వాడే నర్బ్స్ అనే పద్ధతిలో దాన్ని కచ్చితంగా రాయడం అసాధ్యమని బీజగణిత జ్యామితి రుజువు చేసి చూపిస్తుంది. కష్టమని కాదు, కుదరదని. పంపు కేసింగ్‌లో ఉండే వంపు పలకలు రెండు కలిసే చోట పరిస్థితి ఇంకా ఘోరం. మామూలుగా వాడే బైక్యూబిక్ పలకలు రెండు ఖండించుకుంటే వచ్చే వక్రం తరగతి 324 దాకా వెళ్తుంది.

అందుకని సాఫ్ట్‌వేర్ రాజీ పడుతుంది. అసలు గీత మీద కొన్ని బిందువులు పట్టుకుని, వాటి గుండా వెళ్లే సులువైన గీతను అంచుగా రాసుకుంటుంది. ఒకే అంచును మూడుసార్లు రాస్తుంది: మొదటి ముఖం మీద నిలబడి చూస్తే ఎలా ఉందో ఒకటి, రెండో ముఖం మీంచి ఒకటి, ఆకాశంలో స్వతంత్రంగా ఒకటి. ఒకే హద్దుకు ముగ్గురు సాక్షులు, ముగ్గురి మాటలూ రవ్వంత తేడా. కాబట్టి ప్రతి సాలిడ్‌లోనూ, పంపినవాళ్ల కంప్యూటర్‌లో ఎంతో బాగున్నదానిలో కూడా, వంపులు కలిసే చోట కంటికి కనబడని సందులు ఉంటాయి. అవి ఉన్నా ‘ఈ రెండు ముఖాలూ ఇక్కడ కలిశాయి’ అని టోపాలజీ పట్టికలో రాసి ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ మాటను నమ్మి ముందుకు పోతుంది.

పొలం గట్టు లాంటిది ఇది. రెండు కమతాల మధ్య గట్టు ఉన్నంతకాలం ఇటువైపు పాస్‌బుక్‌లో, అటువైపు పాస్‌బుక్‌లో కొలతలు జానెడు తేడాగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. గట్టు దున్నేసి, రెండు పాస్‌బుక్‌లు మాత్రం చేతిలో పెట్టి, హద్దు ఎక్కడో తేల్చమంటే తగువు మొదలవుతుంది. ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి వెళ్లేటప్పుడు చాలాసార్లు గట్టు దారిలోనే పోతుంది.

పంచ్ కార్డు కొలతలో ఒక ఫైలు

కాగితం డ్రాయింగ్ రోజుల్లో ఈ బాధ లేదు. గీతలు మూల దగ్గర సరిగ్గా కలవకపోయినా, పెన్సిల్ గీత మందమే మిల్లీమీటరులో మూడోవంతు ఉన్నా, పక్కన 50 అని అంకె వేసి ఉంటే అది 50. చూసే మనిషి సందును మనసులోనే పూడ్చేసుకునేవాడు. త్రీడీ మోడల్‌లో ఆకారమే కొలత, చదివేది యంత్రం. దానికి ఊహించుకోవడం రాదు.

ఒక కంపెనీ క్యాడ్ నుంచి ఇంకో కంపెనీ క్యాడ్‌కు వెళ్లడానికి ఉమ్మడి భాష కావాలని 1979లో అమెరికాలో బోయింగ్, జనరల్ ఎలక్ట్రిక్ వంటి సంస్థలు, అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ కలిసి ఐజెస్ అనే ఫైలు పద్ధతి మొదలుపెట్టాయి. తొలి రూపం 1980లో వచ్చింది. ఇప్పటికీ ఒక ఐజెస్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి వరుసలోనూ సరిగ్గా 80 అక్షరాలుంటాయి, పంచ్ కార్డు వెడల్పు అది. అది పుట్టినప్పుడు డిజైన్ అంటే గీతలూ చాపాలే.  సాలిడ్‌ను సాలిడ్‌గా పంపే 186వ రకం నమోదు చాలా ఆలస్యంగా, 1990ల్లో గానీ వాడుకలోకి రాలేదు. అంతదాకా అందరూ 144వ రకం వాడారు, అంటే అంచుల వెంట కత్తిరించిన విడి పలక. అందులో పక్క పలక ప్రస్తావనే ఉండదు. పాస్‌బుక్‌లు ఉంటాయి, గట్టు ఉండదు. 144కు అలవాటుపడిన ఎగుమతి సెట్టింగులు ఈనాటికీ చాలా కార్యాలయాల్లో అలాగే ఉన్నాయి. 1996 తర్వాత ఐజెస్‌కు కొత్త రూపమే రాలేదు. అయినా ‘ఐజెస్‌లో పంపండి’ అనే మాట వినిపిస్తూనే ఉందంటే అది అవసరం కంటే అలవాటు.

తర్వాత వచ్చిన స్టెప్ పద్ధతి, అంటే ఐఎస్‌ఓ 10303, 1994 నుంచి ప్రమాణంగా వెలువడుతోంది. అది మొదటి నుంచీ చుట్టరికాల పట్టికను వెంట తీసుకెళ్తుంది. అందుకే స్టెప్ ఫైళ్లు చాలావరకు సాలిడ్‌గానే తెరుచుకుంటాయి. చాలావరకు అంటే అన్నీ అని కాదు. ఎందుకంటే ‘కలిసింది’ అన్న మాటకు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అర్థం ఉంది.

క్యాడ్ సాఫ్ట్‌వేర్ లోపల జ్యామితి పని చేసే గుండెకాయను కెర్నల్ అంటారు. సాలిడ్‌వర్క్స్, ఎన్‌ఎక్స్, సాలిడ్ ఎడ్జ్‌లలో పారాసాలిడ్ అనే కెర్నల్ ఉంటుంది. అందులో రెండు బిందువుల మధ్య దూరం మిల్లీమీటరులో లక్షోవంతు, అంటే 0.00001 కంటే తక్కువైతే అవి ఒకటే. కాటియా వీ5లో మామూలుగా ఆ హద్దు 0.001 మిల్లీమీటరు, వంద రెట్లు ఉదారం. కాటియాలో 0.0005 మిల్లీమీటరు సందు ఉన్న అంచు నిక్షేపంగా కలిసినట్టే. అదే అంచును పారాసాలిడ్ తన సొంత కొలతతో చూస్తే 50 రెట్లు పెద్ద చిల్లు. ఫైలులో తప్పు లేదు, రెండు పక్షాలూ తమ తమ చట్టం ప్రకారం సరైనవే. పారాసాలిడ్‌కు మూలమైన సంస్థలోనూ, దాని పోటీదారు ఏసిస్ కెర్నల్ వెనకా ఉన్నది ఒకే బృందం కావడం ఒక తమాషా. ఏసిస్ పేరులో మొదటి మూడు అక్షరాలూ అలన్, చార్ల్స్, ఇయాన్ అనే ముగ్గురివి. ఆ ఇయాన్ పైన చెప్పుకున్న బ్రెయిడే.

అంకెలను కుదించడం ఇంకో దెబ్బ. పాత అనువాద ప్రోగ్రాములు కొన్ని సంఖ్యలను సింగిల్ ప్రెసిషన్‌లో రాసేవి, సుమారు ఏడు అంకెల దాకా. 1500 మిల్లీమీటర్ల దగ్గర అలా రాయగల పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 0.00012 మిల్లీమీటరు. పారాసాలిడ్ హద్దుకు పన్నెండు రెట్లు. భాగం పెద్దదయ్యే కొద్దీ, అది అక్షం నుంచి దూరంగా ఉన్న కొద్దీ ఎడం పెరుగుతుంది. ఒకే మోడల్‌ను మధ్యబిందువు దగ్గర గీసి పంపితే బాగా తెరుచుకుని, ప్లాంటు మొత్తం లేఅవుట్‌లో దాని స్థానంలో పెట్టి పంపితే చిరిగిపోవడం వెనక తరచూ ఉండేది ఇదే.

ఈ చిరుగుల ఖర్చు చిన్నది కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 1999లో చేసిన ఒక అధ్యయనం, ఆ దేశపు కార్ల పరిశ్రమ సరఫరాదారుల్లో ఒకరి డేటా ఇంకొకరికి సరిగా అందకపోవడం వల్ల ఏటా కనీసం 100 కోట్ల డాలర్లు నష్టమవుతున్నాయని అంచనా వేసింది. అందులో అత్యధిక భాగం పాడైన ఫైళ్లను బాగుచేయడానికో, మళ్లీ మొదటి నుంచి గీయడానికో పోయిందే.

కుట్టు ఎంత వెడల్పు?

మరమ్మతుల్లో మొదటిది మరమ్మతు చేయకపోవడం. పంపినవాళ్ల దగ్గర అసలు మోడల్ సాలిడ్‌గానే ఉంది కాబట్టి ఇంకో రూపంలో పంపమని అడగడం అన్నిటికంటే చవక. రెండువైపులా పారాసాలిడ్ కెర్నలే ఉంటే ఎక్స్‌టీ ఫైలు పంపించుకోవాలి. అప్పుడు అనువాదమే ఉండదు. లేదంటే స్టెప్. ఐజెస్ తప్ప వేరే దారి లేకపోతే సాలిడ్ రూపంలో ఎగుమతి చేయమని చెప్పాలి. మెష్‌గా, అంటే ఎస్‌టీఎల్‌గా పంపుతామంటే వద్దనాలి. త్రీడీ ప్రింటింగ్ కోసం 1987లో పుట్టిన ఆ పద్ధతిలో ప్రతి వంపూ చిన్న చిన్న త్రికోణాలుగా ముక్కలైపోతుంది. బేరింగ్ కూర్చునే రంధ్రం అందులో వృత్తం కాదు, బహుభుజి.

అడిగే వీల్లేదు, లేదా మోడల్ గీసిన కంపెనీయే ఇప్పుడు లేదు. అప్పుడు కుట్టాలి.

కుట్టడమంటే పక్కపక్క పలకల ఒంటరి అంచులను వెతికి, ఒక నిర్ణీత ఎడం కంటే దగ్గరగా ఉన్న జంటలను ఒకే అంచుగా ప్రకటించడం. సాలిడ్‌వర్క్స్‌లో ఇంపోర్ట్ డయాగ్నోస్టిక్స్, ఇన్వెంటర్‌లో స్టిచ్, ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో పార్ట్ వర్క్‌బెంచ్ కింద ఉన్న షేప్ బిల్డర్, అన్నీ చేసేది ఈ పనే. ఒకటి గుర్తుంచుకోవాలి. సాలిడ్‌వర్క్స్‌లో ఈ పరీక్షను ఫైలు తెరిచిన వెంటనే చేయాలి. దానిమీద ఒక్క కొత్త రంధ్రం వేసినా ఆ తర్వాత ఆ సదుపాయం పనిచేయదు.

కుట్టేటప్పుడు ఎంత ఎడం దాకా ఒప్పుకోవాలన్నది మనిషి ఇవ్వాల్సిన అంకె. అనుభవం లేనివాళ్లు ఇక్కడే ఒకేసారి 0.1 అని వేసేస్తారు. మోడల్ చప్పున మూసుకుంటుంది. దాంతోపాటు 0.1 కంటే పొట్టిగా ఉన్న అసలైన అంచులు కూడా రెండు చివరలూ ఒకటే అనుకుని మాయమవుతాయి. సన్నని ముఖాలు నలిగిపోతాయి. అందుకే చిన్న అంకెతో మొదలుపెట్టి, 0.001, 0.005, 0.01 అలా పెంచుకుంటూ పోవాలి. ప్రతి మెట్టు దగ్గర ఇంకా ఎన్ని ఒంటరి అంచులు మిగిలాయో చూడాలి. సంఖ్య మొదట గబగబా తగ్గుతుంది, తర్వాత ఒకచోట ఆగిపోతుంది. ఆగిన తర్వాత మిగిలినవి సందులు కావు, నిజమైన చిల్లులు: ఎక్కడో ఒక ముఖం ఫైలు నుంచి రానేలేదు, లేదా కత్తిరింపు గీత అర్థంకాక సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసింది. ఇంకా పెంచితే సందు పూడదు, మోడలే పాడవుతుంది. దీనికి ముందు మోడల్ సైజు ఒకసారి కొలిచి చూసుకోవాలి. అంగుళాల ఫైలు మిల్లీమీటర్లుగా తెరుచుకుని ఉంటే ఎడం అంకె కూడా 25.4 రెట్లు తప్పే.

చిల్లు దగ్గర రెండు దారులున్నాయి. చుట్టుపక్కల ముఖాలు సమతలాలు, సిలిండర్లు, శంకువులు అయితే చెడిన అంచులను పారేసి, ఆ ముఖాలను అటూ ఇటూ పొడిగించి, ఎక్కడ ఖండించుకుంటాయో కొత్తగా లెక్క కట్టించాలి. హద్దు రాయి పోతే రెండువైపుల నుంచీ మళ్లీ గొలుసు లాగి కొలిచినట్టు. ఇది శ్రమ అయినా, వచ్చే అంచు అసలు ఆకారం నుంచి పుట్టిందే. రెండోది అతుకు. చిల్లు చుట్టూ ఉన్న అంచులు పట్టుకుని మధ్యలో ఒక కొత్త పలకను సాగదీసి పరచడం. ఇది త్వరగా అవుతుంది, కానీ ఆ పలక ఆకారం ఎవరూ డిజైన్ చేసింది కాదు. సాఫ్ట్‌వేర్ ఊహ.

ఏ దారి పట్టాలన్నది ఆ ముఖం యంత్రంలో ఏం పని చేస్తుందో తెలిస్తేనే చెప్పగలం. పంపు కేసింగ్ బయటి గోడ ఇసుక అచ్చులో పోతపోసేది. అక్కడ అరమిల్లీమీటరు అటూ ఇటూ అయితే పంపుకు ఏమీ కాదు. అక్కడి చిల్లుకు అతుకు వేసి మీట నొక్కేస్తే ఎవరికీ నష్టం లేదు. అదే కేసింగ్‌లో బేరింగ్ కూర్చునే 50 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అమరిక అడిగి ఉంటే, వ్యాసంలో ఒప్పుకోదగ్గ తేడా మొత్తం 0.025 మిల్లీమీటరు. దాని పక్కన 0.05 ఎడంతో కుట్టు వేస్తే తెరమీద సాలిడ్ సిద్ధం. కానీ కుట్టు వెడల్పే ఒప్పుకున్న తేడాకు రెట్టింపు. తెరమీద ఈ రెండు మరమ్మతులూ ఒకేలా కనిపిస్తాయి, ఒకే ఆకుపచ్చ టిక్కు పడుతుంది. చూపులో తేడా లేదు కాబట్టే ఇది ప్రమాదం.

ఇంకో మోసం ఉంది. కొన్ని మరమ్మతు ప్రోగ్రాములు సందు మూయడానికి అంచును కాకుండా ముఖాన్నే వంచుతాయి. సిలిండర్‌గా ఉన్న రంధ్రం అలా వంచాక సిలిండర్ కాదు, సిలిండర్‌ను పోలిన ఏదో వంపు పలక. కొలత అడిగితే వ్యాసం చూపించదు. సీఎన్‌సీ ప్రోగ్రామ్ దాన్ని రంధ్రంగా గుర్తించదు, డ్రిల్లింగ్, బోరింగ్ సైకిల్ వేయనివ్వదు. ఆపరేటర్ చేసేది లేక గుండ్రటి కట్టర్‌తో ఉపరితలం పొడవునా గీకించాల్సి వస్తుంది. రంధ్రం మీద క్లిక్ చేస్తే వ్యాసం వస్తోందా లేదా అని చూడటం అర నిమిషం పరీక్ష. రాకపోతే ఆ ముఖాన్ని తీసేసి, డ్రాయింగ్‌లో ఉన్న అంకెతో కొత్త సిలిండర్ గీసుకోవడమే మేలు. డ్రాయింగ్ లేకుండా మోడల్ ఒక్కటే పంపే పద్ధతి పెరుగుతున్న రోజులివి. 2014లో వచ్చిన స్టెప్ ఏపీ242 రూపంలో కొలతలూ, వాటి హద్దులూ కూడా మోడల్‌తోపాటే పంపొచ్చు. ఎగుమతి చేసేవాళ్లు ఆ సెట్టింగు పెడితేనే అవి వస్తాయి. పీడీఎఫ్ డ్రాయింగ్ ఒకటి జత చేసి పంపమని అడగడానికి ఇప్పటికైతే మొహమాటపడనక్కర్లేదు.

మూసుకున్నాక చివరి పని, వచ్చింది పంపిందేనా అని సరిచూడటం. స్టెప్‌లో దీనికి ఏర్పాటుంది. ఎగుమతి చేసేటప్పుడు అసలు మోడల్ ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం, గురుత్వకేంద్రం ఎక్కడుందో ఫైలులోనే రాసి పంపొచ్చు. తెరిచిన సాఫ్ట్‌వేర్ తన లెక్కతో వాటిని పోల్చి తేడా ఉంటే చెబుతుంది. ఆ ఏర్పాటు లేని ఫైలైతే ఫోను చేసి ఈ మూడూ అడిగి రాసుకోవాలి. ఘనపరిమాణం ఒక్కటి సరిపోతే చాలదా అంటే చాలదు. పైన చెప్పుకున్న మూత లేని ఘనాన్నే తీసుకుంటే, దాన్ని ఒక మూల నుంచి లెక్కించినప్పుడు ఘనపరిమాణం సరిగ్గా 1000 వచ్చింది. ఉపరితల వైశాల్యం అడిగి ఉంటే 600 రావాల్సిన చోట 500 వచ్చేది.